ఒడిలో పెట్టకూడనివి

నాకు బొడ్డు కింద స్పర్శ లేదు. ఎఫ్‌పీవీ డ్రోన్ నేర్చుకోవాలంటే ముందు ఏమేం కొనాలని అడిగేవాళ్లకు ఈ మాట చెప్పాకే మిగతావి చెబుతాను. నేను కొన్నవీ, కొనకుండా వదిలేసినవీ, కొన్నాక మూలకు పెట్టినవీ అన్నీ ఈ ఒక్క సంగతిని బట్టే తేలాయి.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పెళ్లిళ్లలో ఎగిరే మామూలు డ్రోన్ మనం చేతులు తీసేసినా గాల్లో ఉన్నచోటే నిలబడుతుంది. ఎఫ్‌పీవీ డ్రోన్ అట్లా నిలబడదు. దాని ముందున్న చిన్న కెమెరా చూసేదాన్ని మనం కళ్లకు తగిలించుకున్న గాగుల్స్‌లో అప్పటికప్పుడు చూస్తూ, చేతిలోని రేడియోతో క్షణక్షణం నడపాలి. మనిషి కుర్చీలో ఉంటాడు, చూపు చెట్ల మీద ఉంటుంది.

మాది యాదాద్రి భువనగిరి జిల్లాలో మోత్కూరు దగ్గరి పల్లె. కల్లుగీత కుటుంబం. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి, పట్నం పోకుండా మోత్కూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసేవాణ్ని. పొద్దున షాపు తెరిచేలోపు, సాయంత్రం మూసేశాక నాయనతో పాటు తాళ్లెక్కేవాణ్ని. 2019 ఎండాకాలంలో ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారి మాను ఇంకా తడిగానే ఉంది. పైదాకా ఎక్కాను, లొట్టి దించుకున్నాను, దిగుతుంటే మోకు జారింది. పడడం నాకు గుర్తుంది. నేల తగలడం గుర్తులేదు.

ఆరోజు నాయన చేసిన ఒక పని వల్లే నా చేతులు ఈరోజు నాకు ఉన్నాయేమో అనిపిస్తుంది. పరుగెత్తుకొచ్చిన వాళ్లెవరినీ నన్ను ముట్టనీయలేదు. అంతకుముందు మా పక్క ఊర్లో పడిన మనిషిని నలుగురు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి, ఆటోలో ముడిచి కూర్చోబెట్టి తీసుకుపోవడం ఆయన చూశాడు. "తలుపు ఊడదీసుకు రాండ్రి" అని అరిచాడట. పశువుల కొట్టం తలుపు తెచ్చి, మెడ కదలకుండా దాని మీదికి జరిపి, 108 వచ్చేదాకా అట్లాగే ఉంచారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి వెన్నులో రాడ్లు, స్క్రూలు వేశారు. టీ10 దగ్గర వెన్నుపాము నలిగిందని చెప్పారు. బొడ్డు ఎత్తున ఒక గీత గీసినట్టు, దానికి పైన నేను ఉన్నాను. కింద ఉన్నది నాదే, కానీ దాని కబురు నాకు రాదు.

ఆ కబురు రాకపోవడమే అసలు కష్టం. నడవలేకపోవడం దాని తర్వాతిదే. ఇది అనుభవించినవాళ్లకే తెలుస్తుంది, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను. మామూలు మనిషి నిద్రలో కూడా పదిసార్లు కదులుతాడు. ఒకచోట బరువు పడి రక్తం ఆడకపోతే ఒళ్లే తిప్పుతుంది. నా ఒళ్లు తిప్పదు. రెండు గంటలకోసారి ఎవరో ఒకరు నన్ను ఒత్తిగిలించాలి. అమ్మ, అక్క వంతులు వేసుకుని రాత్రంతా లేచేవారు. అయినా ఇంటికొచ్చిన కొత్తలోనే తుంటి దగ్గర పుండు పడింది. వేలు పట్టేంత లోతు. నాకు నొప్పి లేదు, జ్వరం వచ్చాకే చూసుకున్నాం. అది మానేలోపు 2020 లాక్‌డౌన్ వచ్చి, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు రావడం ఆగిపోయింది. మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి జరగడం నేను అక్క ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. నాలుగైదు గంటలకోసారి గొట్టం వేసుకుని మూత్రం తీసుకోవడం, కుర్చీ చేతుల మీద బలం పెట్టి పిర్రలు పైకి లేపి కాసేపు ఆగడం, రాత్రి పడుకునే ముందు అద్దంతో వెనకా తొడలూ చూసుకోవడం, ఇవన్నీ నా దినచర్య. ఒక్కటి తప్పినా ఒళ్లు చెప్పదు. చర్మం ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా తెల్లబడకపోతే ఆ రోజంతా బోర్లా పడుకోవాల్సిందే.

సదరం సర్టిఫికెట్ వచ్చింది, పింఛను వచ్చింది. ఇంటి ముందు గదిలో టేబుల్ వేసుకుని ఫోన్లు బాగుచేయడం మళ్లీ మొదలుపెట్టాను. డ్రోన్ మా ఇంటికి వచ్చింది ఆ టేబుల్ మీదికే. పెళ్లిళ్లకు వీడియో తీసే కుర్రాడొకడు, మోటారు వైరు తెగిన ఎఫ్‌పీవీ డ్రోన్ పట్టుకొచ్చి "అన్నా, టంకం పెట్టిస్తవా" అన్నాడు. పెట్టాను. పనిచేస్తోందో లేదో చూడడానికి ఇంటి ముందే ఎగరేశాడు. గాగుల్స్ నా కళ్లకు పెట్టి, తను ఫోన్‌లో చూసుకుంటూ పైకి లేపాడు.

మా ఇంటి కప్పు చూశాను. పడినప్పటి నుంచీ నేను దాన్ని చూడలేదు. పైన ఎప్పుడో ఎండబెట్టి మరిచిపోయిన జల్లెడ ఉంది. డ్రోన్ ఇంకా లేచింది, తాళ్ల తలలు కంటికి సమానంగా వచ్చాయి. ఆ ఎత్తు నాకు తెలుసు. గాలి ఆ ఎత్తున ఎట్లా ఉంటుందో, అక్కడి నుంచి చెరువు ఎంత కనిపిస్తుందో, ఏ కమ్మ వెనక ఏ ఇల్లు వస్తుందో నాకు తెలుసు. వాడు డ్రోన్‌ను కుడికి వాల్చాడు. నా ఒళ్లు కూడా వాలింది. కాళ్లున్నవాళ్లు తెలియకుండానే పాదం నేలకు అదుముకుంటారు. నేను కుర్చీలోంచి పక్కకు పడిపోయాను. వాడు కంట్రోలు వదిలేసి నన్ను పట్టుకున్నాడు, డ్రోన్ మా దడిలో పడింది. అందుకే నా సామాన్ల జాబితాలో మొదటిది డ్రోన్ దుకాణంలో దొరకదు. రొమ్ము చుట్టూ, కుర్చీ వీపు చుట్టూ బిగించే వెడల్పాటి పట్టీ అది. దర్జీ దగ్గర కుట్టించాం.

ఆ కుర్రాడు నాకు ఒక జాబితా రాసిచ్చాడు. 5 అంగుళాల రెక్కల డ్రోన్, దానికి 6ఎస్, అంటే ఆరు సెల్లుల బ్యాటరీలు, ఖరీదైన డిజిటల్ గాగుల్స్, మంచి రేడియో. వాడి పనికి అది సరైన జాబితా. పెళ్లి వీడియోకు ఆ బలం కావాలి, ఆ స్పష్టత కావాలి. కానీ డ్రోన్ పడ్డప్పుడు వాడు నడిచిపోయి తెచ్చుకుంటాడు. నేను కొనబోయే ప్రతి వస్తువునూ ఒక ప్రశ్న అడగాల్సి వచ్చింది. ఇది పడ్డాక ఎవరు లేవాలి? అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాయనకు వయసైంది. అక్క కొడుకు బడికి పోతాడు.

అందుకని డ్రోన్ కంటే ముందు రేడియో కొన్నాను. ఇది అందరికీ పనికొచ్చే సలహా. డ్రోన్లు విరుగుతాయి, మారతాయి, రేడియో ఏళ్ల తరబడి ఉంటుంది. అదే రేడియోను కంప్యూటర్‌కు యూఎస్‌బీ తీగతో కలిపితే సిమ్యులేటర్‌లో నేర్చుకోవచ్చు. వెలోసిడ్రోన్, లిఫ్టాఫ్ లాంటివి ఉన్నాయి, అందులో ఎన్ని డ్రోన్లు కూల్చినా రూపాయి నష్టం లేదు. నేను తీసుకున్నది ఎక్స్‌ప్రెస్ ఎల్‌ఆర్‌ఎస్ అనే పద్ధతిలో సిగ్నల్ పంపే చిన్న రేడియో. ఆ సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచిపెట్టింది కాబట్టి రకరకాల కంపెనీల రిసీవర్లు దానికి కలుస్తాయి, తక్కువ ధరలో దొరుకుతాయి. రేడియో మీద బొటనవేళ్లతో తిప్పే కర్రల కింద రాపిడి పడే పాత రకం పాట్లు కాకుండా హాల్ సెన్సర్లు ఉన్నవి చూసుకోవాలి, త్వరగా అరగవు.

రేడియోలో నడిచే ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో టైమర్లు పెట్టుకోవచ్చు. మిగతావాళ్లు బ్యాటరీ అయిపోయే సమయం తెలియడానికి వాడతారు. నేను సిమ్యులేటర్ ముందు కూర్చున్న కొత్తలో పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అమ్మ అన్నానికి పిలిచేదాకా కదల్లేదు, ఆ రాత్రి అద్దంలో ఎర్రమచ్చ కనిపించింది. మర్నాడే రెండో టైమర్ పెట్టాను. ప్రతి 15 నిమిషాలకూ రేడియో పలుకుతుంది, నేను చేతుల మీద లేవాలి. ఎవరి జాబితాలోనూ లేని ఈ సదుపాయం కోసమే ఆ రేడియో కొనమని నాలాంటివాళ్లకు చెబుతాను.

డ్రోన్ సంగతికి వస్తే, 2022 ఫిబ్రవరిలో కేంద్రం విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. ఫ్రేమ్, మోటార్లు, కంట్రోలర్ బోర్డు, కెమెరా విడివిడిగా తెప్పించుకుని ఇక్కడే అతికించుకోవచ్చు. టంకం చేయి తెలిసినవాడికి అది అడ్డంకి కాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాముల లోపువి నానో కిందికి వస్తాయి, వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మా ఊరు డ్రోన్ ఎగరేయనిచ్చే గ్రీన్ జోన్‌లో ఉందో లేదో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకున్నాను. ఈ రెండూ చూసుకోకుండా ఎవరూ ఏదీ కొనవద్దు.

నా మొదటి డ్రోన్ అరచేతిలో పట్టేది. ఒక మోటారు నుంచి ఎదురు మూల మోటారుకు 65 మిల్లీమీటర్లు. నాలుగు రెక్కల చుట్టూ ప్లాస్టిక్ వలయాలు. ఒకే సెల్లు, 300 ఎంఏహెచ్ బ్యాటరీ, నాలుగు నిమిషాలు ఎగురుతుంది. దీన్ని టైనీ వూప్ అంటారు. ఇంట్లోనే, దూలాల కింద, తలుపు సందులోంచి, మంచం కింద నుంచి తిప్పేవాణ్ని. గోడకు కొట్టుకుంటే పడుతుంది, మళ్లీ లేస్తుంది. మనిషికి తగిలినా గాయం కాదు. తలకిందులుగా పడితే మోటార్లను వెనక్కి తిప్పి తనంతట తాను బోర్లా నుంచి వెల్లకిలా తిరిగే సదుపాయం బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, టర్టిల్ మోడ్ అంటారు. నడవగలిగేవాడికి అది సరదా. నాకు అది ఒక మనిషిని లేపే పని తప్పించేది.

గాగుల్స్ విషయంలో ఖరీదైనవి వద్దనుకున్నాను. డబ్బొక్కటే కారణం కాదు. డిజిటల్ బొమ్మ అద్దంలా ఉంటుంది, కానీ సిగ్నల్ తగ్గితే ఉన్నట్టుండి గడ్డకడుతుంది. పాత అనలాగ్ బొమ్మ మసకగా ఉంటుంది, దూరం పెరిగేకొద్దీ గీతలు వస్తూ వస్తూ చెబుతుంది, వెనక్కి తిరగడానికి వ్యవధి ఇస్తుంది. చెప్పకుండా పోయేవి నా జీవితంలో ఇప్పటికే చాలా ఉన్నాయి. పెట్టె ఆకారపు అనలాగ్ గాగుల్స్ తీసుకున్నాను. దాని తెర ఊడివస్తుంది, టీవీలా టేబుల్ మీద నిలబెట్టొచ్చు. మెమరీ కార్డులో రికార్డు కూడా అవుతుంది. డ్రోన్ ఎక్కడ పడిందో వెనక్కి తిప్పి చూసి, ఏ గట్టు పక్కన, ఏ కంప దగ్గరో మేనల్లుడికి సరిగ్గా చెప్పొచ్చు. వెతుకులాట ఉండదు. పెట్టె గాగుల్స్ బరువు ముందుకు లాగుతుంది, నడుము బలం లేనివాడిని ఇంకా లాగుతుంది. తల వెనక పట్టీకి దాని బ్యాటరీ కట్టి బరువు సమం చేశాను.

ఒకరోజు ఆ తెర ఊడదీసి నాయన ముందు పెట్టి చెరువు కట్ట మీదుగా ఎగరేశాను. మా నాయన ఎక్కువ మాట్లాడడు. తెరలో తాళ్ల వరస రాగానే ముందుకు వంగాడు. "గా మూడోదానికి గెలలు జూడు. ఈసారి అది మంచిగ పారుతది" అన్నాడు. తర్వాత నా కాళ్ల వంక ఒకసారి చూశాడు, లేచి బయటికి పోయాడు.

ఇంట్లో తిప్పడం చేతికొచ్చాక 3 అంగుళాల రెక్కల డ్రోన్ అతికించుకున్నాను. బ్యాటరీతో కలిపి 250 గ్రాములు దాటకుండా తూకం వేసి మరీ. దానికి 4ఎస్, 650 ఎంఏహెచ్ లైపో బ్యాటరీలు. లైపో గురించి అందరూ చెప్పేది నేనూ నేర్చుకున్నాను. సెల్లు 4.2 వోల్టులు మించకూడదు, ఎగురుతున్నప్పుడు 3.5 దగ్గర దిగిపోవాలి, వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఉబ్బినదాన్ని వాడకూడదు. ఛార్జింగ్ పెట్టి వదిలి పోకూడదు, దగ్గర కాలేవి ఏవీ ఉండకూడదు. ఇవన్నీ బ్యాటరీ అంటుకోకుండా చెప్పిన జాగ్రత్తలు. నన్ను కాల్చిన బ్యాటరీ అంటుకోలేదు. దానిలో ఏ లోపమూ లేదు.

2024 ఎండాకాలం. చెరువు ఎండి, శిఖం భూమి పగుళ్లు దేలి ఉంది. మేనల్లుడికి సెలవులు. నా కుర్చీని కట్ట దించి నీడలో నిలబెట్టాడు. డ్రోన్ దిగిన ప్రతిసారీ వాడే పరుగెత్తి తెచ్చి, బ్యాటరీ ఊడదీసి, ఇంకోటి తగిలించేవాడు. నా కళ్లకు గాగుల్స్ ఉన్నాయి. "పట్టుకో మామా" అని దించిన బ్యాటరీ నా ఒళ్లో పెట్టాడు. నేను డ్రోన్ లేపాను. బ్యాటరీ జారి రెండు తొడల మధ్యకు పోయింది. ఎండలో గట్టిగా ఎగిరి దిగిన లైపో 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చేత్తో పట్టుకుంటే క్షణంలో వదిలేస్తాం, ఆ వదిలేయడమే చర్మానికి కాపలా. 50 డిగ్రీల వేడి కూడా కొన్ని నిమిషాలు కదలకుండా అంటుకుని ఉంటే చర్మాన్ని లోతుగా కాలుస్తుంది. స్పర్శ పోయిన చోట రక్తప్రసరణ కూడా తక్కువ, అక్కడ చేరిన వేడిని రక్తం తీసుకుపోలేదు.

ఆ మధ్యాహ్నం నాకు చాలా బాగా గడిచింది. అది కూడా చెప్పాలి. చేతులు నేను అనుకున్నట్టు ఆడాయి, పగుళ్ల మీదుగా అంత తక్కువ ఎత్తున, అంత వేగంగా అంతకుముందెప్పుడూ పోలేదు. ఇంటికొచ్చాక అమ్మ లుంగీ మార్చబోయి ఆగిపోయింది. ఏమీ అనలేదు. అద్దం తెచ్చి నాకు చూపించింది. లోపలి తొడ మీద అరచేతి వెడల్పున చర్మం తెల్లగా, తోలులా బిగుసుకుని ఉంది, అంచుల్లో బొబ్బలు. కాలిన వెంటనే 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద ఉంచితే ఎంతో కొంత మేలు జరిగేది. ఆ వెంటనే అన్నది మాకు లేకుండా పోయింది.

పుండు చీము పట్టింది, జ్వరం, చలి. చచ్చిన చర్మం కోసి తీశారు, తర్వాత ఇంకో తొడ నుంచి చర్మం తీసి అతికించారు. మత్తు అవసరం పెద్దగా లేదని డాక్టరు అంటుంటే, ఆ గదిలో నా తొడ కోస్తున్న చప్పుడు వింటూ పైకప్పు చూస్తూ పడుకున్నాను. నొప్పి లేకపోవడం వరమని ఎవరైనా అంటే నాకు ఆ గది గుర్తొస్తుంది. అతికిన చర్మం నలగకూడదు, కాళ్లు ముడవకూడదు, కుర్చీ ఎక్కకూడదు. ఆ వానాకాలమంతా మంచం మీద బోర్లా గడిపాను. షాపు టేబుల్ మూసేశాం. కట్టు మార్చడానికి పోయే ఆటోల ఖర్చు, మందుల ఖర్చు అక్క చీటీ ఎత్తి కట్టింది.

ఆ రోజుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది నా తొడ కాదు. మేనల్లుడు నా గదిలోకి రావడం మానేశాడు. గుమ్మం దగ్గర వాడి నీడ కనిపించేది, పిలిస్తే పోయేవాడు. పన్నెండేళ్ల పిల్లవాడు. వాడికి ఎవరూ ఏమీ అనలేదు, అయినా వాడికి తెలుసు. మా అక్క ఒక రాత్రి నా పక్కన కూర్చుని, "వాడు నిద్రల ఏడుస్తుండు తమ్మీ" అంది. మర్నాడు వాడిని బలవంతాన పిలిపించి నా ఎదురుగా కింద కూర్చోబెట్టాను. బోర్లా ఉన్నాను కాబట్టి మా ఇద్దరి ముఖాలూ ఒకే ఎత్తున ఉన్నాయి. నీ చేతి తప్పు లేదురా అని చెబితే వాడు నమ్మడని తెలుసు. అందుకే పని చెప్పాను. రేడియోలో పలికే ఇంగ్లిషు గొంతు తీసేయాలి, నీ గొంతు కావాలి అన్నాను. నా ఫోన్‌లో రికార్డు చేశాం. మొదటిసారి వాడికి గొంతు పెగల్లేదు. తర్వాత గట్టిగా అన్నాడు, "మామా, లే!" దాన్ని మెమరీ కార్డులో ఎక్కించి 15 నిమిషాల టైమర్‌కు తగిలించాను. ఇంకోటి కూడా వాడే అన్నాడు, నేను చెప్పలేదు. "మామా, ఒళ్లో ఏమున్నది?" దాన్ని డ్రోన్ ఆర్మ్ చేసే స్విచ్‌కు పెట్టాను. రెక్కలు తిరగడానికి ముందు ప్రతిసారీ అది వినాల్సిందే.

బోర్లా ఉండి కూడా ఎగరేయొచ్చని ఆ వానాకాలంలోనే తెలిసింది. రొమ్ము కింద దిండు, మోచేతుల కింద రెండు చిన్న దిండ్లు, ముందు రేడియో. టైనీ వూప్‌ను గదిలో తిప్పేవాణ్ని. వాడు పుస్తకాల మధ్య సందులు పెట్టేవాడు, బిందెల మీద కర్రలు పెట్టి గేట్లు కట్టేవాడు. దానికి ఖర్చయిందల్లా ఆ చిన్న బ్యాటరీల ఛార్జింగ్. ఆ కాలంలో అదే లేకపోతే నేను ఎట్లా ఉండేవాణ్నో ఊహించడం నాకు ఇష్టం లేదు.

కుర్చీలోకి మళ్లీ వచ్చాక సామాన్లన్నీ మార్చాం. కుర్చీ చేతుల మీద అడ్డంగా బిగిసే చెక్క పలక వడ్రంగితో చేయించాం, నాలుగు వైపులా అంచుతో. రేడియో, గాగుల్స్, ఏదైనా సరే దాని మీదే. దించిన బ్యాటరీలకు మూత ఉన్న ఇనుప పెట్టె, అది కుర్చీకి తగిలించం, నేల మీద దూరంగా ఉంటుంది. టంకం పెట్టే ఇనుము, ల్యాప్‌టాప్, టీ గ్లాసు, ఏదీ నా ఒళ్లోకి రాదు. కూర్చునే గాలి దిండు డ్రోన్ కంటే ఎక్కువ ధర, అది కొన్నాకే కొత్త మోటార్లు కొన్నాను. ఇంకొక సంగతి ఆలస్యంగా తెలిసింది. నిలబడి ఎగరేసేవాడి తల నేలకు ఐదున్నర అడుగుల ఎత్తున ఉంటుంది, నాది నాలుగు అడుగులు. వీడియో సిగ్నల్ 5.8 గిగాహెర్ట్జ్‌లో వస్తుంది, చెట్టో గట్టో అడ్డొస్తే ఆగిపోతుంది. అందుకే నాకు అందరికంటే ముందే బొమ్మ పోయేది. వెదురు గడకు విడిగా ఒక వీడియో రిసీవర్ కట్టి, తీగతో గాగుల్స్‌కు కలిపాం. కొనేటప్పుడే బయటి నుంచి వీడియో తీసుకునే రంధ్రం ఉన్న గాగుల్స్ చూసుకుంటే ఈ పని కుదురుతుంది.

ఆ గడ కట్టకముందే ఒక సాయంత్రం డ్రోన్ తాటిచెట్టులో ఇరుక్కుంది. వరస వెనక్కి పోగానే గీతలొచ్చాయి, తిప్పేలోపు తెర నల్లబడింది. మేనల్లుడు పక్కన నిలబడి మామూలు కళ్లతో డ్రోన్‌నే చూస్తున్నాడు, ఎఫ్‌పీవీకి అట్లా ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి. "కమ్మల్ల ఇరుక్కున్నది మామా" అన్నాడు. బీపర్ అరుస్తోంది. టర్టిల్ మోడ్ అక్కడ పనికిరాదు. నేను వద్దని చెప్పాను. అది పోతే పోయింది, ఎవరూ ఎక్కొద్దు అన్నాను. అమ్మ నాయన చేయి పట్టుకుంది. నాయన ఆ రాత్రికి ఊరుకున్నాడు.

అంతకుముందే, 2024 జులైలో గీత కార్మికుల కోసం ప్రభుత్వం కాటమయ్య రక్షక కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి లష్కర్‌గూడలో ప్రారంభించారు. కొండలెక్కేవాళ్లు వాడే తరహా నడుము పట్టీలు, తాళ్లు అందులో ఉంటాయి. నాయన అప్పటికే శిక్షణకు పోయి కిట్టు తెచ్చుకుని ఉన్నాడు. డ్రోన్ ఇరుక్కున్న మర్నాడు తెల్లారి అది కట్టుకుని ఆ చెట్టు దగ్గరికి బయలుదేరాడు. నేను కుర్చీ తోయించుకుని వెంట పోయి కోప్పడ్డాను. ఆయన తాడు బిగించుకుంటూ, "గిది నేను ఎట్లయినా ఎక్కే చెట్టే. నీ కోసం ఎక్కుతలేను" అన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఆ చెట్టు మా వంతుది కాదు.

ఆయన ఎక్కినంతసేపూ తాడు కొక్కేన్ని చూస్తూ ఉన్నాను. ఒక్కో అడుగుకూ అది మానును పట్టుకుందో లేదో. ఇదే పట్టీ 2019లో ఉంటే అని మనసు పోతుంది, పోనిచ్చి ప్రయోజనం లేదు. ఆయన డ్రోన్‌ను చొక్కాలో వేసుకుని దిగాడు. కిందికొచ్చాక ముందు బ్యాటరీ ఊడదీసి ఇనుప పెట్టెలో పెట్టాడు, ఆ తర్వాతే డ్రోన్ నా పలక మీద పెట్టాడు. ఆయనకు అది ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి తాళ్ల వరసకు వంద గజాల దగ్గర్లో కూడా ఎగరేయడం లేదు. డ్రోన్ ఎంత మంచిదైనా, అది పోతే మా ఇంట్లో ఒక మనిషి చెట్టెక్కుతాడు.

ఈ మధ్య సూర్యాపేట వైపు నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. కొడుకు బైక్ మీంచి పడి మెడ దగ్గర దెబ్బ తగిలింది. సీ6. సిమ్యులేటర్ వీడియోలు చూసి డ్రోన్ కావాలంటున్నాడట. ఏం కొనాలని అడిగింది. నా జాబితా చెప్పబోయి ఆగాను. నా చేతులు పూర్తిగా పనిచేస్తాయి. ఆ అబ్బాయి మణికట్టు లేస్తుంది, వేళ్లు పట్టవు. బొటనవేళ్లతో కర్రలు తిప్పలేడు, స్విచ్ నొక్కలేడు. రేడియోను పలకకు బిగించి, కర్రల స్ప్రింగులు వదులు చేసి, కొనలకు వెడల్పాటి టోపీలు పెడితే అరచేయి అంచుతో తోయగలడేమో. ఎడ్జ్‌టీఎక్స్‌లో ఏ స్విచ్ పని ఏ మీటకైనా మార్చొచ్చు. ఆర్మ్ చేయడం కుదురుతుంది. గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడు, అంటే రెక్కలు మనిషి దగ్గరికి పోతున్నప్పుడు, క్షణంలో ఆపే మీట ఎక్కడ పెట్టాలన్నదే తేలడం లేదు. మోచేతి పక్కన ఒక పెద్ద బటన్ పెట్టి చూశాం, పొరపాటున తగులుతోంది. గడ్డం కింద పెడితే గాగుల్స్ అడ్డం. మేనల్లుడు ఇప్పుడు భుజం దగ్గర ఒకటి బిగిస్తున్నాడు. అది కుదిరేదాకా ఆ అబ్బాయికి డ్రోన్ కొనొద్దని, దిండూ రేడియో మాత్రం కొనమని వాళ్లమ్మకు చెప్పాను.